మూడో అంతస్తు సజీవ సమస్య

జ్ఞానాన్ని ముక్కలు ముక్కలుగా కోసి పంచడం వల్లే లోకం ఇలా తగలడిందని విద్యాశాఖ వారు ఎట్టకేలకు కనిపెట్టారు. కనిపెట్టి ఊరుకోలేదు. ఆ ముక్కలన్నీ తిరిగి అతికించే పనిని బడి చివరి రెండేళ్ళ పిల్లలకు అప్పగించారు. అలా పుట్టిందే 'సమగ్ర అధ్యయనం' అనే సబ్జెక్టు. (ఇది తప్పితే అన్నీ తప్పినట్టే లెక్క. అన్నీ ఇందులోనే ఉన్నాయి కదా మరి.)

అందులో లేనిది లేదు. చరిత్ర, భూగోళం, ఆర్థికం, సైన్సు, ఆరోగ్యం, నీతి. లేనిదల్లా పాఠం చెప్పే మనిషి. సగం సోషలే కదా అని సైన్సు మాస్టారు తప్పుకున్నారు. సగం సైన్సే కదా అని సోషలు టీచరుగారు తప్పుకున్నారు. రెండు సగాలూ కలిసి డ్రిల్లు మాస్టారి నెత్తిన పడ్డాయి, ఆ పీరియడు ఆయనకు ఖాళీ గనుక. ఆయన పిల్లలందరినీ వరసలో నిలబెట్టి, తలా ఒక సమస్యను ఎన్నుకుని అన్ని కోణాల నుంచీ చూడమన్నారు.

మూడో అంతస్తు ఇల్లాలికి ఈ గొడవేమీ తెలియదు. ఆవిడ గొడవంతా నీళ్ళది. కింది అంతస్తుల్లో కుళాయి తిప్పితే నీళ్ళొచ్చేవి. ఆవిడ వంటింట్లో తిప్పితే దగ్గొచ్చేది (కుళాయికి). కాపురానికి వచ్చిన నాటి నుంచీ పొద్దున్నే కిందికి దిగడం, రెండు చేతులా బకెట్లతో పైకెక్కడం, మెట్ల మలుపులో ఆగి ఇంటి ఓనరును మనసారా తలుచుకోవడం ఆవిడ దినచర్య.

"అమ్మా, నా ప్రాజెక్టుకి మన కుళాయి తీసుకున్నానే," అంది ఒకనాడు కూతురు.

"తీసుకుపో తల్లీ. ఎలాగూ పనికిరావట్లేదు."

పిల్ల బుద్ధిగా బళ్ళో మాస్టర్లందరినీ అడిగి వచ్చింది. యాభై ఏళ్ళు నిండని సమస్యను చరిత్ర స్వీకరించదని చరిత్ర వారు సెలవిచ్చారు. మూడో అంతస్తుకు అద్దె తక్కువ, నీళ్ళూ తక్కువ, కాబట్టి లెక్క సరిపోయిందని ఆర్థికం వారు తేల్చారు. పైపులో ఒత్తిడి చాలడం లేదని సైన్సు వారు నిర్ధారించారు. (ఉన్న ఒత్తిడంతా ఇల్లాలి మోకాళ్ళలో ఉంది.) అక్కడితో ఆగితే పిల్ల క్షేమంగా గట్టెక్కేది. ఫోటో కోసమని డాబా ఎక్కింది. ట్యాంకు వెనక, మూడో అంతస్తుకు దిగే పైపు మీద, ఎవరో రిపేరుకని కట్టేసి మరిచిపోయిన వాల్వు కనిపించింది. తువ్వాలు చుట్టి, బలమంతా పెట్టి తిప్పింది.

వంటింటి కుళాయి దగ్గింది, ఎర్రగా ఉమ్మింది, ఆపైన ధారగా పోసింది. గ్లాసుడు నీళ్ళు ఒలికితే ఇల్లెగిరిపోయేలా అరిచే ఇల్లాలు, కుళాయి కట్టకుండా అలా చూస్తూ నిలబడిపోయింది.

"వదినా! మీకూ వస్తున్నాయా?" అదే అంతస్తులోని ఎదురింటావిడ గుమ్మంలోంచి కేకేసింది.

"వస్తున్నాయి వదినా! మా పిల్ల తెప్పించింది!"

మర్నాడే బడి నుంచి పిలుపు వచ్చింది. సమగ్ర అధ్యయన సమన్వయకర్త గారు కళ్ళజోడు సర్దుకుని, మరణవార్త చెప్పబోయే డాక్టరులా గొంతు తగ్గించారు.

"మీ అమ్మాయి సమస్యని పరిష్కరించిందటగా?"

"అవునండీ," అంది ఇల్లాలు మురిసిపోతూ.

"అదేనండీ చిక్కు. మాది అధ్యయనం. పరిష్కారం సిలబసులో లేదు. బయటి పరీక్షకుడు వచ్చి చూసేదాకా సమస్య సజీవంగా ఉండాలన్నది నియమం. శుక్రవారం ఆయనొచ్చి ఏం చూస్తారు, నీళ్ళా?"

"పోనీ ఇంకో సమస్య తీసుకుంటుందిలెండి. మా ఇంట్లో కరువా?"

"గడువు దాటింది. సున్నా వేయాలి. సున్నా వస్తే ఏడాది పోయినట్టే."

"బాగుచేసినందుకు మార్కులేం ఉండవా?"

"ఎందుకుండవండీ, ఉంటాయి. ప్లంబింగు కోర్సులో."

ఇంటికొచ్చాక పిల్ల మొండికేసింది. "ఆ వాల్వు నేను మళ్ళీ కట్టనుగాక కట్టను. ఫెయిలైనా సరే!"

"నువ్వెందుకే కట్టడం? నువ్వు చదువుకో," అని తల్లి ఇంట్లో ఉన్న గిన్నెలూ చెంబులూ అన్నీ నింపి, ఎదురింటి తలుపు తట్టింది.

"శుక్రవారం దాకా ఓర్చుకో వదినా. పిల్ల ఏడాది."

"దానికేం భాగ్యం! నా తలస్నానం కానిచ్చి కట్టు," అంది ఆ మహాతల్లి.

ఇల్లాలు డాబా ఎక్కి, తన చేతుల్తో తనే వాల్వు కట్టింది. తిప్పడానికంటే కట్టడానికే ఎక్కువ బలం పట్టింది.

శుక్రవారం పరీక్షకుడు రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. మంచినీళ్ళు అడిగి పుచ్చుకున్నాడు. కుళాయి తిప్పాడు. అది దగ్గింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇంత స్వచ్ఛమైన సమస్యను ఈ మధ్య చూడలేదమ్మా! మొన్న ఒకచోటికి వెళ్తే సగం తీరిపోయి ఉంది. సరే, దీనికి కారణం ఏమిటంటావు?"

పిల్ల నోరు తెరిచింది. తలుపు పక్కన తల్లి ఊపిరి బిగబట్టింది. పిల్ల నోరు మూసి, మళ్ళీ తెరిచింది.

"దీన్ని అనేక కోణాల నుంచి చూడాలండీ."

"శభాష్!" అని ఆయన నూటికి నూరు వేశాడు.

ఆయన వీధి మలుపు తిరగగానే ఇల్లాలు కొంగు బిగించి డాబా మీదికి పరుగెత్తింది. అక్కడ బడి బంట్రోతు వాల్వుకు గొలుసు చుట్టి తాళం వేస్తున్నాడు. వచ్చే ఏడాది పిల్లలకు కూడా ఇదే సమస్యను కేటాయించారట. (ఇంటి ఓనరు సంతోషంగా అనుమతి ఇచ్చాడు. ఆయనుండేది మొదటి అంతస్తులో.)

"ఇదేం అన్యాయం నాయనా! మరి మా నీళ్ళ సంగతి?"

బంట్రోతు తాళంచెవి జేబులో వేసుకుని, ఎంతో మర్యాదగా అన్నాడు: "దాని గురించే కదమ్మా, చదువుతున్నారు."