పిట్టగుడ్లకు కంచె

ఆ ఆదివారం పొద్దున లెక్కల మాస్టారు జీవితంలో మొదటిసారి దొంగలెక్క చూపించడానికి సిద్ధపడి, భార్య ఇచ్చిన కాఫీ నిలబడే తాగేశారు.

రిటైరయ్యాక ఆయన ఊరి చివరి సముద్రతీరానికి స్వచ్ఛంద పరిశీలకుడయ్యారు. రోజూ ఒడ్డు వెంట నడిచి, ఎన్ని పక్షులున్నాయో, ఎంతమంది జనం వచ్చారో తీరరక్షణ కార్యాలయానికి చెప్పాలి. భార్య దీనికి "జీతం లేని చాకిరీ" అని పేరు పెట్టింది. ఇసుకలో గుంట చేసుకుని గుడ్లు పెట్టే చిన్న పిట్టల జంట ఒకటి ఏటా అక్కడికి వస్తుంది. కిందటేడు ఆ గుడ్లను కుక్కలు తినేశాయి. తల్లిపిట్ట ఖాళీ గుంట చుట్టూ అరుస్తూ తిరుగుతుంటే మాస్టారు చూడలేక ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకున్నారు. ఈ ఏడు మళ్ళీ గుడ్లు పెట్టింది. ఒక్క పిల్లనైనా కళ్ళారా చూడాలని ఆయన పట్టుదల.

కంచె వేయించమని మాస్టారు తీరరక్షణ అధికారి కాళ్ళావేళ్ళా పడ్డారు.

"జనం తాకిడి ఉన్న చోటే కంచె వెయ్యాలండీ. మీరు రోజూ చెప్పేది సున్నాయే కదా?"

"జనం రారు సార్. కుక్కలొస్తాయి."

"కుక్కలకి మా దగ్గర పద్దు లేదు మాస్టారూ. ఆదివారం నేనే వచ్చి చూస్తా. జనం కనబడితే కంచె, లేకపోతే లేదు."

మాస్టారు వెళ్ళి వెళ్ళి బావమరిదిని ఆశ్రయించారు. అతను వ్యాను నడుపుతాడు. ఏ పని చెప్పినా, చెప్పినదానికి పదింతలు చేస్తాడు.

"ఓ పదిమందిని తీసుకురారా. దూరంగా నిలబడి సముద్రం చూసి వెళ్ళిపోవాలి, అంతే. ఎందుకని అడక్కు."

"పదిమందేంటి బావా! నీ పరువు నా పరువు కాదూ?"

పరువు రెండు వ్యాన్లలో దిగింది. బావమరిది వీధి వీధంతా పిల్లాపాపలతో వచ్చింది. వాళ్ళను చూసి ఐస్‌క్రీం బండి వచ్చింది. బండిని చూసి రోడ్డున పోయేవాళ్ళు ఆగారు. ఏదో ఉందనుకుని మిగతా ఊరు బయల్దేరింది. మనుషులకు ఖాళీ చోటు కనబడితే ఊరుకోరు కదా, పిల్లలు బంతాట మొదలుపెట్టారు. బంతి దొర్లుకుంటూ సరిగ్గా గుంట వైపే పోయింది. తల్లిపిట్ట గభాలున లేచి అరిచింది.

మాస్టారు పరుగెత్తుకెళ్ళి గుంట ముందు చేతులు బారచాపి నిలబడ్డారు.

"ఇటు రాకండి! ఎవరూ రాకండి!"

రావద్దన్నాక ఎవరాగుతారు? చుట్టూ మూగారు. "ఏముందండీ అక్కడ?" అంటూ ఫోన్లు పైకెత్తారు. గుడ్లని చెప్తే చేతుల్లోకి తీసుకుని మరీ ఫొటోలు దిగుతారు. మాస్టారికి ఏదీ తోచలేదు.

"పాము!" అని అరిచారు. "పెద్ద పాము!"

ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తారు. హమ్మయ్య అనుకునేలోపు, వాళ్ళు ఖాళీ చేసిన చోటికి మగవాళ్ళు కర్రలతో వచ్చారు. అందరికంటే ముందు బావమరిది.

"తప్పుకో బావా! కాటేస్తే మా అక్క గతేం కావాలి?"

"ఒరేయ్, పాము లేదురా! అబద్ధం చెప్పాను!"

"భయానికి ఏం మాట్లాడుతున్నాడో చూడండి! ముందు ఆయన్ని పక్కకి లాగండి!"

ఇద్దరు మాస్టారిని రెక్కలు పట్టి ఈడ్చుకెళ్ళారు. ఆయన గొంతు చించుకుంటూనే ఉన్నారు. కర్రలు ఇసుకను చితకబాదాయి.

"చచ్చింది బావా!" అని కేకేశాడు బావమరిది, చెమట తుడుచుకుంటూ.

మాస్టారు మోకాళ్ళ మీద కూలబడి ఇసుక తవ్వారు. చేతికి పెంకుముక్కలు, తడి తగిలాయి. ఆయన చిన్నపిల్లాడిలా భోరుమన్నారు. బతికి బయటపడ్డ సంతోషమనుకుని జనం భుజం తట్టారు.

అప్పుడు దిగాడు అధికారి. కర్రలు పట్టుకున్న జనాన్ని కలయజూశాడు.

"అబ్బో, ఇంత తాకిడా! రేపే కంచె వేయిస్తా."

"ఇంకెందుకు సార్?"

"అదేంటి మాస్టారూ! అడిగింది మీరే కదా?"

ఇంట్లో భార్య అన్నం పెట్టింది. ఆయన ముట్టలేదు.

"గుడ్లున్నాయని మావాడికి ముందే ఓ మాట చెప్తే పోయేది కదండీ?"

"చెప్తే ఊరంతా చాటేవాడు."

"చెప్పకపోతే ఏం మిగిలింది?"

మాస్టారు కంచం పక్కకు నెట్టి లేచిపోయారు.

కంచె మాత్రం దివ్యంగా వచ్చింది. దానికో కాపలాదారు కూడా వచ్చాడు. పిట్టల జంట మళ్ళీ కనబడలేదు. ఆ నెల పరిశీలకుల సమావేశంలో అధికారి మాస్టారిని వేదిక మీదికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఈయన పట్టుదల వల్లే ఆ కంచె వచ్చింది. అది వేసిన దగ్గర్నుంచి అక్కడ ఒక్క గుడ్డు కూడా పగల్లేదు!"

హాలంతా చప్పట్లు మోగాయి. లెక్క తప్పని చెప్పడానికి ఏమీ కనబడక, మాస్టారు కూడా కొట్టారు.