గేటు దాటని లిథియం యాత్ర

బండికి లిథియం బ్యాటరీ పెట్టించుకోవడాన్ని మించిన తీర్థయాత్ర లేదు. దీనికి టికెట్ అక్కర్లేదు, క్యూలో నిలబడే పని లేదు. అసలు బండి గేటు దాటనక్కర్లేదు! నమ్మకం కుదరకపోతే శ్రీకాళహస్తిలో గుణశేఖర్ సారు కథ వినండి.

సారు ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. అవగానే ఒక పాత టెంపో ట్రావెలర్ కొన్నారు. సీట్లు పీకించి, మంచం, పొయ్యి, ఫ్యాను బిగించి దాన్ని చక్రాల మీద ఇల్లు చేశారు. ఆయన భార్య జయంతమ్మ కోరిక ఒక్కటే. చలికాలంలో పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగో పక్షుల్ని చూడాలి. పొద్దున పోయి సాయంత్రానికి రాగల దూరమే. ఇన్నేళ్ల సంసారంలో కుదరలేదు, అంతే.

"నవంబరు వచ్చేసె. పోదామా?" అందామె.

పోయుంటే ఏమయ్యేది? పక్షుల్ని చూసి వచ్చేసేవాళ్లు. ఇంతేనా బతుకంటే? ఆ గండం నుంచి సారును ఒక యూట్యూబ్ వీడియో కాపాడింది. బండిలో ఉన్న పాత ఆసిడ్ బ్యాటరీలు బరువట. సగం వాడేసరికే నీరసపడతాయట. లిథియమైతే తేలికట, పదేళ్లు గ్యారంటీయట!

ఆటో ఎలక్ట్రీషియన్ జుల్ఫికర్ తల గోక్కున్నాడు. "సార్, బ్యాటరీ ఒగటే మారిస్తే సాలదు. ఈ లిథియం, ఇంజన్ కాడ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి అదుపు లేకుండా లాగేస్తాది. నడుమన దాన్ని అదుపు చేసే చార్జరు పెట్టల్ల. వైర్లు కూడా లావువి ఎయ్యల్ల."

"నాకే కరెంటు పాఠం చెప్తావురా?" అన్నారు సారు.

చార్జరు లేకుండానే కొత్త బ్యాటరీతో తొలి ప్రయాణం దిగ్విజయంగా పక్కనే ఉన్న ఏర్పేడు దాకా సాగింది. అక్కడ కమురు వాసన కొట్టి, ఆల్టర్నేటర్ ప్రాణం విడిచింది. జుల్ఫికర్ వచ్చి బండికి తాడు కడుతూ, "పదో తరగతిలో మీరే చెప్పినారు గద సార్, రెసిస్టెన్స్ తగ్గితే కరెంటు పెరుగుతాదని," అన్నాడు వినయంగా.

చూశారా లిథియం మహిమ! తన పాఠం ముప్పై ఏళ్లలో ఒక్కడైనా విన్నాడని సారుకు ఆ రోజే తెలిసింది.

గేటు లోపలికి చేరిన బండికి ఆ తర్వాత చార్జరు వచ్చింది. అది వేడెక్కుతోందని దానికో ఫ్యాను వచ్చింది. లావు వైర్లకు దారి కోసం బట్టల అలమార పోయింది. కప్పు మీద సోలార్ పలకలెక్కాయి. ఇంత కరెంటు పెట్టుకుని ఏసీ లేకపోతే నలుగురూ నవ్వరూ? ఏసీ వచ్చింది. ఏసీకి ఒక బ్యాటరీ చాలదని రెండోది వచ్చింది. దాన్ని పెట్టడానికి మంచం తీసేశారు.

"మనం యాడ పండుకోవల్ల?" అంది జయంతమ్మ.

"పండుకుంటే ఎనిమిది గంటలు ఏసీ ఆడతాది, తెలుసునా?" అన్నారు సారు గర్వంగా.

జనవరి పోయింది. సారు వరండాలో కుర్చీ వేసుకుని, బ్యాటరీలో ఎంతుందో పది నిమిషాలకోసారి ఫోన్‌లో చూసుకునేవారు. వీధిలో వాళ్లొస్తే వాళ్లకూ చూపించేవారు. సొంత బిడ్డ మార్కుల్ని కూడా ఇంత మురిపెంగా చూపించిన తండ్రి ఉంటాడా?

ఫిబ్రవరి ఆఖరి ఆదివారం జయంతమ్మ సద్ది కట్టుకుని, పక్కింటి రెబెకా టీచర్‌తో ఆరున్నర బస్సెక్కింది. నాయుడుపేటలో బస్సు మారి పులికాట్ దగ్గరి సూళ్లూరుపేటకు పోయింది. సాయంత్రం ఎండకు కమిలిన మొహంతో, బురద అంటిన చెప్పులతో తిరిగొచ్చింది. వచ్చీ రాగానే గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"వేలుండాయండీ! నీళ్లల్లో ఒంటికాలి మీద నిలబడుకోనుండాయి. ఒక్కసారిగా పైకి లేసినాయి సూడండి, మిన్నంతా రోజాపూల రంగే. నాకు ఏడుపొచ్చేసింది. రెబెకా నవ్వింది గానీ, ఆ యమ్మ కూడా కండ్లు తుడుసుకునింది."

భార్య మొహం అంత వెలగడం ఇంతకు ముందు ఎప్పుడు చూశారో సారుకు గుర్తు రాలేదు.

"నన్ను పిలవలేదేమే?" అన్నారు చిన్నబోయి.

"నవంబరు నుంచి పిలుస్తానే ఉండాను," అందామె.

సారు ఫోన్ వైపు చూశారు. నూటికి నూరు శాతం. పదేళ్ల గ్యారంటీ. ఆయనకు అరవై రెండు, ఆమెకు యాభై తొమ్మిది. వాళ్లిద్దరికీ అలాంటి గ్యారంటీ కార్డు ఏ షాపువాడూ రాసివ్వలేదు.

జయంతమ్మ చెప్పులు విడిచి, ఆయన పక్కన కూర్చుంది. "ఇంగా కొన్ని ఉండాయి. నాలుగు దినాల్లో ఎలబారిపోతాయంట. రేపు పొద్దున్నే బస్సుకు పోదాం రాండి. నేను మళ్లా వస్తాను."

సారు ఆమె వైపు చూశారు, గేటు లోపలి బండి వైపు చూశారు.

"రేపా?" అని నసిగారు. "రేపు జుల్ఫికర్ వస్తానన్నాడే. ఒక్క ఫ్యూజు బిగించేదే మిగిలుండాది."