తిట్టేవారు కావలెను

అద్దాలాయన్ని తిట్టడం ఆగిపోయింది.

ఈ దారుణం ఒక సోమవారం ఉదయం, కళ్ళద్దాల దుకాణం షట్టరు సగం లేచి ఉండగా ఆయన దృష్టికి వచ్చింది. వంగి లోపలికి దూరబోతూ అలవాటుకొద్దీ ఫోను తెరిచాడు. ముందురోజు తన బ్లాగులో పెట్టిన టపా కింద ‘బాగుంది’ అని నాలుగు వ్యాఖ్యలున్నాయి. ‘చాలా బాగుంది’ అని ఇంకొకటి ఉంది. తిట్టు ఒక్కటంటే ఒక్కటి లేదు. అద్దాలాయన షట్టరు కింద అలాగే వంగి ఉండిపోయాడు. ఎదురుగా బట్టలు ఇస్త్రీ చేసేవాడు చూసి, నడుం పట్టేసిందేమోనని పరుగెత్తుకొచ్చాడు.

అద్దాలాయన పని వేళల్లో జనం చూపు సరిచేసేవాడు, తీరిక వేళల్లో లోకం చూపు. ‘ఉలుకూ పలుకూ’ అనే ఆయన బ్లాగులో దేశాధినేతలకు సలహాలు, మంత్రులకు తుది హెచ్చరికలు, సాటి బ్లాగర్ల భాషకు దిద్దుబాట్లు క్రమం తప్పకుండా వెలువడేవి. దేశాధినేతలు ఎందుచేతనో ఒక్కరూ జవాబివ్వలేదు. ఊళ్ళో బ్లాగులు రాసేవాళ్ళు ఓ పదిహేనుమంది, చదివేవాళ్ళూ ఆ పదిహేనుమందే. అయినా ఇచ్చిపుచ్చుకోవడం దగ్గర ఎవరూ ఎవరికీ అన్యాయం చేసేవారు కాదు. ఒక ‘బాగుంది’ పెడితే ఒక ‘బాగుంది’ తిరిగొచ్చేది. చదివి పెట్టాలన్న నిబంధన ఎక్కడా లేదు.

అలా సుఖంగా సాగిపోతుండగా ఒకరోజు ప్రపంచంలో చెప్పుకోదగ్గ సంక్షోభమేదీ దొరక్క, తన వీధి కుళాయిలో నీళ్ళు పచ్చగా, మురుగు కంపుతో వస్తున్నాయని నాలుగు ముక్కలు రాశాడు. మధ్యాహ్నానికల్లా ‘సగటు పౌరుడు’ అనే పేరుతో వ్యాఖ్య వచ్చింది: “పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగానే కనిపిస్తుంది. ముందు నీ దుకాణంలో నీ కళ్ళే చూపించుకోరా గుడ్డి వెధవా!”

అద్దాలాయనకి ఆ పూట అన్నం సయించలేదు. ఒక ముసలాయన కళ్ళజోడుకి కుడి అద్దం ఎడమవైపు బిగించి పంపేశాడు. కానీ సాయంత్రానికి సంగతి తెలిసింది. ఆ తిట్టు చూడటానికి వందలమంది వచ్చి వెళ్ళారు! అందులో కొందరు కిందకి రావడానికి దారి లేక టపా కూడా చదివారు.

బ్లాగర్ల సమాఖ్య అత్యవసరంగా సమావేశమై, కుళాయి పేరెత్తితే తిట్టేది వార్డు కౌన్సిలర్ మనుషులేనని తేల్చి, అధికార వర్గాల చేత తిట్టించుకోగలిగిన తొలి సభ్యుడిగా ఆయన్ని గుర్తించి అధ్యక్షుడి కుర్చీలో కూర్చోబెట్టింది. రిటైరైన హెడ్మాస్టరుగారు లేచి కళ్ళు తుడుచుకున్నారు.

“ఇన్నేళ్ళుగా రాస్తున్నాను నాయనా. నన్ను ఛీ అన్న పాపాన ఒక్కడూ పోలేదు” అన్నారు.

అది మొదలు అద్దాలాయన దశ తిరిగింది. సగటు పౌరుడు పొద్దున ఒకటి తిట్టేవాడు, దానికి అద్దాలాయన ఘాటైన టపాతో జవాబిచ్చేవాడు. ఆ జవాబుకి సాయంత్రం ఇంకో తిట్టు. వీధిలో సగంమంది ఇటు, సగంమంది అటు చేరారు. ఇస్త్రీ బల్ల దగ్గర రెండు పక్షాలవాళ్ళూ నిలబడి ఒకరికొకరు చదివి వినిపించుకునేవారు.

“ఏమండీ, పక్కింటి పిల్లలిద్దరికీ మళ్ళీ వాంతులట. ఆ కుళాయి గురించి ఇంకోసారి రాయకూడదూ?” అంది భార్య.

“ఉండవే, వీడు మా నాన్న జోలికి కూడా వచ్చాడు. ముందు ఆ సంగతి తేలనీ.”

అది తేలకుండానే తిట్లు ఆగిపోయాయి. మంగళవారం రాలేదు, బుధవారం రాలేదు. సగటు పౌరుడికి ఒంట్లో బాగాలేదేమోనని అద్దాలాయన బెంగపెట్టుకున్నాడు. ఆదివారం సమాఖ్య సమావేశానికి వెళ్ళేసరికి అధ్యక్షుడి కుర్చీలో పళ్ళ డాక్టరమ్మ కూర్చుని ఉంది. ఆవిడకి లీగల్ నోటీసు వచ్చిందట. దాన్ని పటం కట్టించి మరీ తెచ్చింది. నోటీసు ముందు తిట్టు ఏపాటి? అద్దాలాయన వెనక వరసలో, హెడ్మాస్టరుగారి పక్కన సర్దుకున్నాడు. ఆయన ఓదార్పుగా తొడ మీద చెయ్యి వేశారు. తిట్టు పడనివాళ్ళకే తెలిసిన బాధ అది.

మర్నాడు అద్దాలాయన సిగ్గు విడిచి వార్డు కౌన్సిలర్ కార్యాలయానికి వెళ్ళాడు. కుళాయి నీళ్ళ గురించి మాట్లాడటానికని బయట చెప్పాడు గానీ, లోపలికి వెళ్ళాక ఆ విషయం గుర్తుకు రాలేదు. కౌన్సిలర్ ఎదురొచ్చి కుర్చీ వేయించాడు.

“విమర్శ ప్రజాస్వామ్యానికి ప్రాణవాయువండీ. అందుకే మీ కలానికి తగిన గౌరవం ఇవ్వాలని, మా ఆఫీసు నుంచి ఒక మనిషిని ప్రత్యేకంగా మీకే కేటాయించాం. ఆదివారాలు కూడా సెలవు లేకుండా తిట్టాడు. కాదంటారా?”

“అయ్యో, కాదని ఎందుకంటానండీ! ఎంతో శ్రద్ధగా తిట్టాడు.”

“ఐతే ఏమైంది? మొదట్లో మీరు నీళ్ళ గురించి రాసేవారు, మావాడు తిట్టేవాడు. తర్వాత మావాడు తిట్టడం, మీరు ఆ తిట్టు గురించి రాయడం. ఇప్పుడు నీళ్ళ ఊసే లేదు. జబ్బు తగ్గాక ఇంకా మాత్రలు మింగుతామా చెప్పండి? ప్రజాధనం దుర్వినియోగం చేయడం నా సిద్ధాంతాలకు విరుద్ధం. ఆ ఉద్యోగం తీసేశాం.”

అద్దాలాయన చేతులు జోడించి, “మా వైపు నుంచి ఏదైనా లోపం జరిగి ఉంటే క్షమించండి” అన్నాడు.

మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఎవరో “అన్నా!” అని పిలిచారు. బక్కపలచటి మనిషి, మాసిన చొక్కా, చేతిలో టిఫిన్ డబ్బా. తన బల్ల మీది సామాను సర్దుకుని వెళ్ళిపోతున్నట్టున్నాడు.

“నేనే అన్నా, సగటు పౌరుణ్ణి. వదినకి మోకాలు నొప్పి తగ్గిందా?”

“నీకెలా తెలుసు?”

“పోయిన వానాకాలం రాశావుగా. నువ్వు రాసిందంతా చదివాను. మొదటి టపా నుంచి.”

అద్దాలాయన కళ్ళు చెమర్చాయి. తన రాతలన్నీ చదివిన మనిషిని ఆయన అదే మొదటిసారి చూడటం. చెయ్యి పట్టుకుని దుకాణానికి తీసుకెళ్ళాడు. అద్దం ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. అతిథి కదా అని కుళాయి నీళ్ళు గ్లాసుతో ఇచ్చాడు. కబుర్లలో పడి ఇద్దరూ గటగటా తాగేశారు.

“అన్నా, నువ్వు నీళ్ళ గురించి మళ్ళీ ఒక్కటి గట్టిగా రాయి. నా ఉద్యోగం నాకొస్తుంది, నీ పేరు నీకొస్తుంది” అన్నాడు సగటు పౌరుడు.

“రాయడానికి కొత్తగా ఏముంది?”

“లేకేం! వీధి మలుపులో మంచినీళ్ళ పైపు మురుగుకాలవ లోంచి పోతుంది కదా, అది అక్కడే పగిలింది. ఆఫీసులో అందరికీ తెలుసు. నీ టపాకి ముందే తెలుసు.”

అద్దాలాయనకి ఒక్క క్షణం పక్కింటి పిల్లలు గుర్తొచ్చారు. ఖాళీ గ్లాసు వంకా చూశాడు. అయితే మొదటి వాక్యం అప్పటికే మనసులో అద్భుతంగా కుదురుకుంటోంది. దాన్ని వదులుకోలేకపోయాడు. ఆయన రాశాడు, పౌరుడు పక్కన కూర్చుని ఎక్కడ ఎంత కారం వెయ్యాలో చెప్పాడు. ఆ టపాలో ఉన్నదంతా నిజమే. మొదటి కుళాయి టపా పోనిస్తే, ‘ఉలుకూ పలుకూ’ చరిత్రలో ఇలా జరగడం అదే ప్రథమం.

దెబ్బకి కౌన్సిలర్ కార్యాలయం కదిలింది. సగటు పౌరుణ్ణి సగౌరవంగా వెనక్కి పిలిచి, కింద ఇద్దరు సహాయకుల్ని కూడా ఇచ్చారు. తిట్లు వరదలా వచ్చిపడ్డాయి. అద్దాలాయన ఏ పార్టీ మనిషన్న దానిపై రెండువందల వ్యాఖ్యలు వచ్చాయి. పాత కౌన్సిలర్ కాలంలో ఈయన కలం ఎక్కడ నిద్రపోయిందని కొందరు నిలదీశారు. ‘మురుగు’ అన్న మాట శిష్టమా, గ్రామ్యమా అన్న విషయంపై హెడ్మాస్టరుగారు మూడు భాగాలుగా రాశారు. చివరికి ఆయన్ని కూడా ఒకడు “ముసలి నక్కా” అన్నాడు. ఆయన స్వీట్లు పంచారు. పళ్ళ డాక్టరమ్మ కుర్చీ ఖాళీ చేసింది.

వారం తిరక్కుండా వీధి వీధంతా పెద్దాసుపత్రిలో చేరింది. వాంతులు, విరేచనాలు, జ్వరం. మంచాలు చాలక వరండాలో చాపలు పరిచారు. అదృష్టవశాత్తూ చర్చకు అంతరాయం కలగలేదు. వార్డులో ఎడమవైపు ఒక పక్షం, కుడివైపు ఇంకో పక్షం ఏర్పడింది. సెలైన్ సీసాల కింద పడుకుని ఫోన్లలో ఒకరికొకరు జవాబులు చెప్పుకుంటున్నారు. అద్దాలాయనకీ సగటు పౌరుడికీ పక్కపక్క మంచాలు దొరికాయి.

“అన్నా, నిన్ను పంది అన్నాను, చూశావా?” అన్నాడు పౌరుడు నీరసంగా.

“చూశాన్రా తమ్ముడూ. కాస్త ఓపిక రానీ, జవాబిస్తాను.”

అంతలో టపా కింద కొత్త వ్యాఖ్య ఒకటి పడింది. పేరు లేదు. “ఇంతకీ ఆ పైపు ఎప్పుడు బాగుచేస్తారు?” అని ఉంది.

అద్దాలాయన నొసలు చిట్లించాడు. రెండు పక్షాలవాళ్ళూ అభ్యంతరం చెప్పారు. చర్చని పక్కదారి పట్టించే ప్రయత్నమని ఎడమవైపు వాళ్ళన్నారు, దీని వెనక ఎవరున్నారో తేల్చాలని కుడివైపు వాళ్ళన్నారు. అంతమంది ఏకాభిప్రాయానికి రావడం ఎన్నడూ లేదు. అద్దాలాయన ప్రజాభీష్టాన్ని గౌరవించి, ‘విషయంతో సంబంధం లేని వ్యాఖ్యలు తొలగించబడును’ అని రాసి, దాన్ని తీసేశాడు.

మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న భార్య తన ఫోను చూసుకుని తలెత్తింది.

“అది నేనండీ రాసింది.”

“నువ్వా! రాసేముందు ఒక్క మాట అడగొద్దూ? చర్చ ఎంత ఊపులో ఉందో చూస్తున్నావుగా!”

ఆవిడ, పక్కింటి చిన్నపిల్ల నీళ్ళు కావాలంటే లేచి అటు వెళ్ళింది.

వ్యాఖ్య తొలగించిన నిర్ణయాన్ని మెచ్చుకుంటూ వార్డంతా బొటనవేళ్ళు ఎత్తింది. కుడిచేతికి సెలైన్ సూది ఉన్నవాళ్ళు ఎడమచేత్తో ఎత్తారు.