ఉప్పునీటి తొట్టికి అనిమోన్ కావలెను

రక్తపోటు ఉన్న ప్రతి మగవాడూ ఇంట్లో ఒక ఉప్పునీటి చేపల తొట్టి పెట్టుకోవాలి! మాట వినకపోతే చట్టం చేసైనా పెట్టించాలి!

నవ్వకండి. నేను చెబుతున్నది మామూలు మంచినీటి తొట్టి గురించి కాదు. అందులో ఏముంది? నాలుగు గోల్డ్ ఫిష్‌లు వేసి పూటకింత మేత చల్లితే వాటి బతుకు అవి బతుకుతాయి. అలాంటి తొట్టి ముందు కూర్చున్నవాడికి తీరిక ఎక్కువై కరువు భత్యం, ప్రమోషను, పక్కింటివాడి కొత్త కారు అన్నీ వరసగా గుర్తుకొస్తాయి. ఉప్పునీటి తొట్టి ముందు కూర్చున్నవాడికి తొట్టి తప్ప వేరే దిగులు ఉండదు. వంద దిగుళ్లు పోయి ఒక్కటే మిగలడాన్నే కదా పెద్దలు ఏకాగ్రత అన్నారు?

నా పేరు వేంకటాచలపతి. తిరుపతిలో దేవస్థానం ఆఫీసులో సూపరింటెండెంటును. పోయిన ఎండాకాలం, అంటే 2003లో, డాక్టరు నా జబ్బకు పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె చూసి మొహం ముడుచుకున్నాడు. "రోజూ ఒక అరగంట ప్రశాంతంగా ఏదన్నా చూస్తూ కూర్చోండి. చేపల్లాంటివి" అన్నాడు.

మా ఆవిడ కుముదవల్లికి ఈ వైద్యం నచ్చలేదు. "చేపలెందుకండీ? పొద్దున్నే అలిపిరి మెట్లెక్కండి. బీపీ తగ్గుతుంది, పుణ్యమూ వస్తుంది" అంది.

మెట్లెక్కితే ఆయాసం నాకు, పుణ్యం ఇద్దరికీ! ఈ లెక్క నాకు కుదరలేదు. నేరుగా రైల్వే స్టేషను వెనక వీధిలో మునిరత్నం నడిపే రంగుచేపల అంగడికి వెళ్లాను.

మునిరత్నం చిత్తూరు మనిషి. వ్యాపారం చేస్తూ కూడా నిజం చెబుతాడు. ఆ జబ్బు తప్ప మిగతా అన్ని విధాలా యోగ్యుడు. ఉప్పునీటి చేపల వైపు నేను వేలు చూపించగానే చేతులు జోడించాడు.

"వద్దు సామీ. ఇది సుమ్మా ఊరికే ఆడుకునే ఆట కాదు. సముద్రాన్ని ఇంట్లో పెట్టుకోవడం. ఒకరోజు సూడకపోతే ఇంకో రోజుకి ఏమీ ఉండదు."

వద్దన్నాడు గనక కొన్నాను. రెండున్నర అడుగుల తొట్టి, రాళ్లు, పంపు, నీలంగా వెలిగే లైటు వచ్చాయి. ప్రతివారం చెన్నై నుంచి మునిరత్నం టెంపోలో సముద్రపు నీళ్లు క్యాన్లలో వచ్చేవి. వీధిలోవాళ్లు ఆ క్యాన్లు చూసి ఏ క్షేత్రం నుంచి తీర్థం వస్తోందని అడిగేవారు. నేను కాదనలేదు. ఒకాయన అరచేతిలో పోయించుకుని కళ్లకద్దుకుని తాగాడు కూడా. అప్పటినుంచి నాకు ఎదురుపడితే రోడ్డు దాటి పోతున్నాడు.

నీళ్లు కుదురుకున్నాక రెండు క్లౌన్ చేపలు వేశాను. నారింజ రంగు ఒంటిమీద మూడు తెల్లపట్టీలు. మా ఆవిడ చూసి, "అయ్యో, తిరునామం పెట్టుకున్నట్టే ఉండాయే!" అని మొదటిసారి తొట్టివైపు కుర్చీ జరుపుకుంది.

ఆ రెండూ రోజంతా పంపు గొట్టానికి ఒళ్లు రుద్దుకుంటూ ఉండేవి. ఏమిటీ దురద అని మునిరత్నాన్ని అడిగాను.

"దురద కాదు సామీ. ఇల్లు లేదు వాటికి. సముద్రంలో ఇవి అనిమోన్‌లో కాపురముంటాయి. పువ్వు మాదిరి ఉంటాది గానీ పువ్వు కాదు, అదీ ఒక ప్రాణే. దాని రెక్కలు తగిలితే వేరే చేపలు సస్తాయి. వీటికి మాత్రం ఏమీ కాదు. దాంట్లోనే పడుకుంటాయి. కానీ తొట్టికి ఆర్నెల్లు నిండాల. అంతదాకా అడగొద్దండి."

ఆర్నెల్లు! మీరైతే విసుక్కునేవారు. నేను ఆ ఆర్నెల్లూ అనిమోన్‌ను ఎంచుకోవడం ఎలా అనే విద్యను అభ్యసించాను. ఆఫీసు కాగానే ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లేవాణ్ణి. చుట్టూ కుర్రాళ్లు పరీక్షాఫలితాలు చూసుకుంటుంటే నేను అనిమోన్ నోరు ఎలా ఉండాలో చదివేవాణ్ణి. పదహారు పేజీలు ప్రింటు తీయించి, పేజీల నంబర్లు వేసి, ఎర్రదారంతో ఫైలు కట్టాను. నోరు మూసుకుని ఉండాలి. పాదం చిరగకుండా ఉండాలి. రాయిని గట్టిగా పట్టుకోవాలి. పద్నాలుగో పేజీలో ఇంకొకటి: పాలలాగా తెల్లబడిందంటే అది అందం కాదు, రోగం. గోధుమరంగే దాని ఆరోగ్యం.

ఈ వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీసింది ఎవరనుకున్నారు? నేనే!

డిసెంబరులో మునిరత్నం కబురు పెట్టాడు. ఆరోజు శుక్రవారం. తిరుచానూరులో అమ్మవారి దర్శనానికి బయలుదేరుతూ, దారిలో అంగడికి వెళ్దామని మా ఆవిడను కూడా తీసుకెళ్లాను.

గాజుపెట్టెలో రెండు ఉన్నాయి. ఒకటి మల్లెపువ్వులా తెల్లగా, రెక్కల కొసల్లో మాత్రం లేత గులాబీరంగుతో, నీళ్లలో అటూ ఇటూ తూగుతోంది. రెండోది మూలన రాయికి అతుక్కుని ఉంది. రంగు రాగిసంకటి రంగు.

"సామీ, ఆ మూలది తీసకపోండి" అన్నాడు మునిరత్నం. "తెల్లది సూసేదానికే. నాకు నమ్మకం లేదు."

మా ఆవిడ వంగి చూసింది. "నాకూ ఆ మూలదే నచ్చిందండీ. చూడండి, ఎంత గట్టిగా పట్టుకోనుండాదో!"

పదహారు పేజీలు చదివినవాణ్ణి నేను. అంగడివాడూ ఆడమనిషీ చెబితే వింటానా? "హాల్లో పెట్టేది. నలుగురూ వచ్చి చూస్తారు. ఆ రంగు పెట్టుకుని ఏం చూపిస్తాం?" అన్నాను.

మా ఆవిడ ఇంకేమీ మాట్లాడలేదు. దర్శనం క్యూలో కూడా మాట్లాడలేదు. రద్దీ వల్ల అనుకున్నాను.

తెల్లది మా హాలుకు వచ్చాక మా ఆఫీసు మొత్తం మా ఇంటికి వచ్చింది. అందరూ ఆహా అన్నారు. చేపలు మాత్రం దాని దరిదాపులకు పోలేదు. పంపు గొట్టమే నయమనుకున్నాయి.

ఇక దాని తిండి సంగతి. అనిమోన్ ఏం తింటుందో ఫైల్లో ఉంది గానీ మా ఆవిడకు చెప్పలేదు. మాది ఉల్లిపాయ కూడా తలుపు బయటే ఆలోచించుకుని లోపలికి వచ్చే ఇల్లు. పైగా ధనుర్మాసం! మునిరత్నం ఇచ్చిన రొయ్యల పొట్లాన్ని మందుల డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో దాచాను. మూడోరోజు వంటింట్లోంచి పిలుపొచ్చింది.

"ఏమండీ, ఈ మందు ఎవరికి?"

"నాకే. బీపీకి."

"మందుకి మీసాలుండాయే!"

నేను డాక్టర్ల మీద, ఆధునిక వైద్యం మీద కొంత మాట్లాడి చూశాను. ఆవిడ డబ్బా మూసి నా చేతిలో పెట్టింది. "దానికి ఆకలి వేస్తే అది తినేదే పెట్టాల. కాదన్లేదు. కానీ పెరుమాళ్ల పాలు పెట్టే ఫ్రిజ్‌లో మాత్రం వద్దు. పెట్టినాక స్నానం చేసే లోపలికి రండి."

ఆ విధంగా రొయ్యలు మెట్లకింద థర్మోకోల్ పెట్టెలోకి మారాయి. ధనుర్మాసంలో ఒక్కసారి తలస్నానం చేయడానికే జనం వణుకుతుంటే నేను రోజుకు మూడుసార్లు చేశాను. ఇంత స్నానఫలం ఏ మంచినీటి తొట్టి ఇస్తుంది చెప్పండి?

అయితే మా తెల్లది రొయ్యముక్కను తీసుకుని, కాసేపు ఆలోచించి, వదిలేసేది. రాయిని పట్టుకునేది కాదు. తొట్టిలో చోటు నచ్చనట్టు దొర్లుతూ తిరిగేది. నోరు తెరుచుకుపోయింది. "నవ్వుతోంది" అన్నాను మా ఆవిడతో. ఆవిడ నా వైపు చూసింది గానీ నవ్వలేదు.

ముక్కోటి ఏకాదశికి నాకు తిరుమలలో రెండురోజుల డ్యూటీ పడింది. ఏకాదశి పొద్దున పదిగంటలకు కొండమీద ఆఫీసుకు ఫోను వచ్చింది.

"ఏమండీ, మీ తెల్లది కరిగిపోతా ఉండాది. నీళ్లు గంజి మాదిరి అయినాయి. ఒకటే కంపు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరస్తా ఉండాయి. ఏం చేయమంటారు?"

ఫైలు ఇంట్లో ఉంది. బుర్రలో ఒక్క పేజీ కూడా లేదు. "నేను వస్తున్నా. ఏమీ ముట్టుకోవద్దు!" అన్నాను.

ఇంతకంటే పనికిమాలిన సలహా ఎవరైనా ఇవ్వగలరా? ఇవ్వలేరు!

ఆరోజు కొండదిగే బస్సు దొరికి ఇల్లు చేరేసరికి మూడుగంటలు పట్టింది. దారి పొడుగునా చచ్చిన చేపలే కళ్లముందు తేలాయి. తలుపు తోసేసరికి హాలంతా తడి. తొట్టిలో తెల్లటి నీళ్లే ఉన్నాయి, చేపలు లేవు. మూలన ప్లాస్టిక్ బకెట్టు. అందులోకి గాలిపంపు గొట్టం, పైన తడిగుడ్డ. గుడ్డ తీసి చూస్తే రెండు చేపలూ ఒకదాని పక్కన ఒకటి నిలబడి మొప్పలు ఆడిస్తున్నాయి.

మిగిలిన క్యాను నీళ్లు బకెట్లో పోసి, మగ్గుతో చేపల్ని ఒక్కొక్కటే పట్టి అందులో వేసిందట. చచ్చిన అనిమోన్ చేతికి జారిపోతుంటే జల్లెడతో తోడి బయట పారేసిందట. ఏకాదశి ఉపవాసం, ఒంటిమీద మడిచీర. తలస్నానం చేసి జుట్టు ముడి వేసుకుంటూ బయటికొచ్చింది.

"ముట్టుకోవద్దంటిని కదా" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు.

"ముట్టుకోకపోతే చచ్చిపోతాయి కదండీ" అంది.

తొట్టి కడిగి, నీళ్లు మార్చి, మళ్లీ కుదురుకునేసరికి నెల దాటింది. నాకు అనిమోన్ పేరు ఎత్తే ధైర్యం లేదు. చేపలు తిరిగి పంపు గొట్టం దగ్గరికి చేరాయి. ఒక సాయంత్రం మా ఆవిడే చెప్పులు వేసుకుని, "పదండి, మునిరత్నం అంగటికి" అంది.

ఈసారి నేను వెనక నిలబడ్డాను. ఆవిడే అడిగింది. "ఆ మూలన ఉన్నింది, ఉండాదా?"

"అది యాడికి పోతాదమ్మా, ఈడనే ఉండాది" అన్నాడు మునిరత్నం. "నెలపైన అయింది. ఎవురూ అడగలే. రంగు లేదు గదా."

"తియ్యి" అంది.

రాయితో సహా బకెట్లో పెట్టించుకుని, ఆటోలో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గుంత వచ్చినప్పుడల్లా మూతమీద చెయ్యి వేసి, "మెల్లగా పోప్పా" అని డ్రైవరును బతిమాలింది.

అది తొట్టిలోకి దిగి, రాయి వదిలి, ఒక రాత్రంతా నడిచి, నేను పెట్టిన చోటు కాదని తనకు నచ్చిన సందులో పాదం దింపుకుంది. ఇక కదల్లేదు. మూడోనాడు పెద్దచేప దాని రెక్కల్ని మూతితో ఒకసారి తాకి వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. మధ్యాహ్నానికి రెండూ లోపల ఉన్నాయి. లైటు పడితే ఆ రాగిసంకటి రంగు లోపల ఆకుపచ్చ మెరుపు ఉందని అప్పుడు చూశాను. మా ఆవిడ అప్పటికే చూసిందట.

రొయ్యముక్క కూడా ఇప్పుడు ఆవిడే పొడుగు పుల్లకు గుచ్చి పెడుతోంది. నేను పెడితే నీళ్లలో పడేస్తున్నానట.

పోయినవారం తొట్టి ముందు కూర్చుని ఆవిడ కరివేపాకు దూస్తోంది. నేను ఉండబట్టలేక అడిగాను. "పదహారు పేజీలు చదివిన నాకు తెలియలేదు. నీకు చూడంగానే ఎట్లా తెలిసింది, అదే మంచిదని?"

"నాకేం తెలుసండీ? మంచిదో కాదో తెలీదు. దాన్ని చూస్తే జాలేసింది, అంతే."

"జాలి ఎందుకు?"

ఆవిడ రెబ్బలు దూయడం ఆపలేదు.

"మీరు నన్ను చూసేదానికి తిరుచానూరు వచ్చినారు కదా. వరండాలో మీ అమ్మతో అన్నారు, 'అన్నీ బాగానే ఉండాయి, రంగే తక్కువ' అని. నేను కిటికీ ఇవతల కాఫీ గ్లాసులు పట్టుకోని ఉన్నాను."

ఇరవై రెండేళ్లయింది. ఆవిడ కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే జవాబు చెప్పేవాణ్ణి. ఆ విద్య నాకు వచ్చు.

"ఆ పొద్దు మా ఇంట్లో చూసేదానికి నేనొక్కదాన్నే ఉన్నాను. అందుకని బతికిపోతిని" అంది. "మునిరత్నం అంగట్లో రెండు ఉన్నాయి. దానికి పక్కనే ఇంకోటి ఉన్నింది, పాపం."

ఈనెలు చేటలోకి దులిపి, ఆకు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. నేను మాత్రం చేపల్నే చూస్తూ కూర్చున్నాను.

అందువల్ల పాఠకులారా, ఉప్పునీటి తొట్టి గొప్పదనం గురించి నేను పైన రాసిందంతా వృథా. నా అసలు ఫిర్యాదు తొట్టి మీద కాదు, దాని ముందు కూర్చున్న పెద్దమనిషి మీద. పది అడుగుల దూరంలో ఉన్న వంటింట్లోకి నడిచివెళ్లి చెప్పాల్సిన ఒక్క మాటను చెప్పలేక, ఆ పెద్దమనిషి పత్రికకు ఇంత పొడుగు వ్యాసం రాశాడు. ఆవిడ ఈ పత్రికను అట్టనుంచి అట్టదాకా చదువుతుంది.

కుముదా, ఆరోజు నేనన్న మాట తప్పు.

సంపాదకులకు మనవి: స్థలం చాలకపోతే చేపల సంగతి ఎంతైనా కోసుకోండి. పై వాక్యం మాత్రం ఉంచండి.