దీనమ్మ వాకిట్లో లేని టైరు

అరిగిపోయిన టైర్లు తాము ఎవరి ప్రాణం తీశాయో వాళ్ల ఇళ్లకు వాటంతటవే దొర్లుకుంటూ వెళ్లి గుమ్మాలకు ఆనుకుని నిలబడడం మొదలుపెట్టాక, ఆ రాష్ట్ర ప్రభుత్వానికి సగం తలనొప్పి తగ్గింది. అంతకుముందు పాత టైర్లు ఊళ్లవతల గుట్టలుగా పడి ఉండేవి. వానాకాలం వాటిలో నీళ్లు నిలిచి దోమలు పెరిగేవి. ఎండాకాలం ఎవరో ఒకరు నిప్పు పెడితే రోజుల తరబడి నల్లపొగ. ఇప్పుడా బెడద లేదు. టైరు వచ్చిన ఇంటివాళ్లు దాన్ని తడవకుండా చూసుకోవాలని, ప్రతి గురువారం బండి వచ్చి తీసుకెళుతుందని టైర్ల శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చి చేతులు దులుపుకుంది. తీసుకెళ్లినవాటిని పొడి కొట్టించి, ఆ పొడిని తారులో కలిపి మళ్లీ రోడ్డు వేసేవారు. ఎవరినీ తొక్కని టైర్లు మాత్రం యార్డుల్లోనే ఉండిపోయాయి. అవి అధికారులు అనుకున్నన్ని లేవు.

తుమ్మలగుంట హైవే పక్కనున్న ఊరు కాబట్టి అక్కడివాళ్లు ఈ వ్యవహారంలో బాగా ఆరితేరారు. టైరు వస్తే పసుపు రాసి, దండ వేసి, వాడకట్టు వాళ్లకి అన్నం పెట్టేవారు. చర్చికి వెళ్లే ఇళ్లలో పసుపు మానేసి పాట పాడేవారు. ఎవరైనా సరే, బండి ఎక్కించే ముందు పోయినవాడి పేరు గట్టిగా చెప్పి, ఫలానా టైరు కింద పోయాడని అందరి ముందూ అనిపించేవారు. అప్పుడుగానీ ఆ చావు తెగినట్టు కాదు. టైరు రాని చావుకి ఆ ఊళ్లో మర్యాద లేదు.

దీనమ్మకి టైరు రాలేదు. ఆమె ఇంటి ముందే ఇడ్లీ, టీ అమ్ముతుంది. మొగుడు ప్రకాశం ఒక చలికాలం తెల్లవారకముందే పాల కోసం సైకిలెక్కి వెళ్లి హైవే మీద శవమై దొరికాడు. గుర్తు తెలియని వాహనం అని పేపర్లో వేశారు. ఏళ్లు గడిచాయి. ఆ తర్వాత పోయినవాళ్లకి కూడా టైర్లు వచ్చాయి. ఎదురింటి హనుమాయమ్మ కొడుక్కయితే లారీ వెనక చక్రాలు జంటగా వచ్చి నిలబడ్డాయి. దీనమ్మ గుమ్మం మాత్రం ఖాళీగానే ఉంది.

లోకులు కాకులు. ఊరి మాట మెల్లగా మారింది. చివరికి సొంత మరిది ఏసురత్నమే నలుగురిలో అనేశాడు.

"అన్న తాగి పడుంటాడు వదినా. లేపోతే ఈపాటికి రావాలిగా టైరు?"

చర్చిలో ఇచ్చే ద్రాక్షరసాన్నే ముఖం చిట్లించుకుని మింగే మనిషి ప్రకాశం. ఆ మాట విన్న రోజు దీనమ్మ పిండి గిన్నె నేలకేసి కొట్టింది. ఆమెకి పరిహారం మీద ఆశ లేదు. ఆయన తాగి చావలేదని ఊరు తన నోటితో ఒక్కసారి అనాలి, అంతే. పగ కంటే ఎక్కువగా ఆమెను తినేసిన కోరిక అదే. దూరంగా రబ్బరు దొర్లిన చప్పుడైతే చాలు, గరిటె వదిలేసి రోడ్డు మీదికి వచ్చేది.

వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం ఆమె ఇంటి తలుపు తెరుచుకోలేదు. పెరటి వైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చి చూసింది. పెద్ద టైరు ఒకటి తలుపుకి ఆనుకుని నిలబడి ఉంది. ఒక వైపంతా నున్నగా అరిగిపోయింది. చెయ్యి పెట్టి చూస్తే పశువు ఒంటిలా వెచ్చగా ఉంది. వీధి కుక్కలు కాస్త దూరంలో కూర్చుని, మొరగకుండా దానికేసే చూస్తున్నాయి.

దీనమ్మ కూలబడి ఏడ్చింది. దుఃఖం కాదది, గెలుపు. తర్వాత కొంగుతో మట్టి తుడిస్తే టైరు పక్కన తెల్లరంగు అక్షరాలు బయటపడ్డాయి. ప్రతి గురువారం తన కొట్టు ముందు ఆగే బండి చక్రాల మీద చూసిన అక్షరాలే. ఆ టైరు టైర్ల శాఖ వారి సొంత బండిది.

ఆ గురువారం బండి రాలేదు. శాఖ అధికారి పద్మనాభం, బండి డ్రైవరు గంగులు బస్సు దిగి నడిచి వచ్చారు. పద్మనాభం మర్యాదస్తుడు. చెప్పులు విడిచి, బల్ల మీద కూర్చుని, టీ అడిగి తాగాడు. టైరు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"ఇక్కడ టైరు లేదమ్మా," అన్నాడు.

"మరి తలుపెందుకు తెరుచుకోట్లేదండీ?"

"వానాకాలం గదా. చెక్క ఉబ్బుతుంది."

తర్వాత ఓపిగ్గా వివరించాడు. ప్రభుత్వ టైరుకి ఇంత కాలమని ఒక గడువు ఉంటుంది. ఈ టైరుకి ఆ గడువు ఇంకా తీరలేదు. తీరలేదు గనక అరగలేదు. అరగలేదు గనక అది బండికే ఉంది. బండి షెడ్డులో మూడు చక్రాల మీద ఒరిగి ఉన్న మాట నిజమే గాని, నాలుగోది ఉన్నట్టే కాబట్టి కొత్తది ఇవ్వడానికి వీల్లేదు. ఎక్కడో పడిపోయిందని చెబితే ఇస్తారు. కానీ అది ఫలానా గుమ్మంలో, ఫలానా కారణంతో నిలబడి ఉందని ఊళ్లో అనుకుంటున్నంతకాలం పడిపోయిందని ఎలా చెప్పడం?

"కారణం లేకపోతే టైరు రాదు. మీ ఆయన తనంతట తనే పడ్డాడని గ్రామసభలో ఒక్క మాట చెప్పండి. కారణం పోతుంది. బండి మళ్లీ తిరుగుతుంది."

దీనమ్మ గంగులు వైపు చూసింది. ఇన్నేళ్లుగా వారం వారం ఆమె చేతి టీ తాగిన మనిషి. గ్లాసులోకే చూస్తున్నాడు.

"పొగమంచక్కా," అన్నాడు. "కుక్కేమో అనుకున్నా..."

"గంగులూ, నువ్వు డ్యూటీలో ఉన్నావు," అన్నాడు పద్మనాభం.

గంగులు లేచి, గ్లాసు కడిగి బోర్లించాడు. పరిగెత్తుకెళ్లి ఊరిని పిలిచింది దీనమ్మ. "ఇన్నారా? ఆడే అన్నాడు, ఇన్నారా?" జనం వచ్చారు. టైరు ముందే నిలబడ్డారు. తీరా చూస్తే అందరూ తలుపు వైపే చూస్తున్నారు. చెక్క బాగానే ఉబ్బిందని ఏసురత్నం అన్నాడు.

బండి లేక ఊళ్లో టైర్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. గుమ్మం గుమ్మంలోనూ వాన నీళ్లు నిండి దోమలు లేచాయి. జ్వరాలు మొదలయ్యాయి. జనం దీనమ్మను తిట్టలేదు. తిడితే ఎదురు తిరిగి ఉండేది. ఒక్కొక్కరే వచ్చి ఇడ్లీ కట్టించుకుని, పిల్లలకి ఎలా ఉందో చెప్పి వెళ్లేవారు. హనుమాయమ్మ మాత్రం మనవరాలిని భుజాన వేసుకుని వచ్చి నిలబడింది. పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

"నీ మొగుడు దేవుడే దీనమ్మా. నాకెరిక. మన ఊరోళ్లందరికీ ఎరికే. కానీ పోయినోడికి పేరెందుకే? ఉన్నోళ్లకి బండి కావాలి."

గ్రామసభలో దీనమ్మ లేచి నిలబడింది. పద్మనాభం మైకు ఆమె నోటి దగ్గరికి వంచాడు. తన మొగుడు తాగి సైకిలు మీంచి పడ్డాడని ఆమె చెప్పింది. తాగి అనే ముక్క ఎవరూ అడగలేదు. అది లేకపోతే ఊరు నమ్మదని ఆమెకే తోచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

వారం తిరక్కుండా బండి వచ్చింది. గంగులు వీధిలోని టైర్లన్నీ ఎక్కించుకుని, దీనమ్మ గుమ్మం దగ్గర ఆగకుండా వెళ్లిపోయాడు. లేని టైరుని ఎత్తడానికి వీల్లేదు. హనుమాయమ్మ మనవరాలికి జ్వరం తగ్గింది. శాఖవారే మేస్త్రీని పంపి దీనమ్మ ఇంటికి పెరటి వైపు మంచి తలుపు పెట్టించారు, కొట్టు కూడా అటే మార్చారు. ఆమె దొడ్డిదారికి అలవాటు పడింది. వాన కురిసిన రోజున మాత్రం ముందువైపుకి వెళ్లి, గిన్నెతో నీళ్లు తోడి పారబోసి వచ్చేది. ఏం చేస్తున్నావని ఎవరూ అడగలేదు.

సంవత్సరం తిరిగేసరికి పొరుగూళ్లలో ఇంకొన్ని తలుపులు ఉబ్బాయి. ఒక రోజు ఎవరో కొత్తావిడ పెరట్లోకి వచ్చి బల్ల మీద కూర్చుంది. నుదుట బొట్టు లేదు. తలుపు పెట్టిన మేస్త్రీ ఎక్కడుంటాడని అడిగింది. దీనమ్మ ఊరు, వీధి చెప్పింది. టీ కాచడానికి పొయ్యి ఎగదోసింది.

"మీ ఆయన కూడా తాగే పోయాడా అక్కా?" అంది ఆవిడ చివరికి.

"ఆఁ, తాగే," అంది దీనమ్మ. "మరి మీ ఆయన?"

"మా ఆయన కాదు. మా పాప," అంది ఆవిడ. "మూడో తరగతి."

దీనమ్మ తలూపి, ఆవిడకి టీ పోసింది.