కాళ్లా, కాగితమా?

రాష్ట్రం ఎదుర్కొంటున్న అతి పెద్ద సమస్యను ఎన్నికలలోపే తేల్చేస్తానని గవర్నర్ రాయిస్ టాకెట్ అసెంబ్లీ మెట్ల మీద నిలబడి ప్రకటించారు. రెండు వంతెనలు కూలి ఉన్నాయి కనుక అందరూ వంతెనల సంగతే అనుకున్నారు. కాదు. ఓక్‌డేల్ స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వరసగా ఎనిమిది మ్యాచ్‌లు గెలిచింది. ఆ గెలుపు కోచ్ కాగితం మీద గీసిన వ్యూహానిదా, బంతి చంకన పెట్టుకుని పరిగెత్తే టెరెల్ గెయిన్స్ కాళ్లదా? తేల్చడానికి ముగ్గురు సభ్యులతో కమిషన్ వేశారు.

ప్రభుత్వం వ్యూహం పక్షం. వ్యూహాలు పైనుంచి వస్తాయి కాబట్టి. ప్రతిపక్షం కాళ్ల పక్షం. టెరెల్ వాళ్ల జిల్లా కుర్రాడు కాబట్టి.

వ్యూహాలు గీసే కోచ్ వెండెల్ ప్రూయిట్‌కి ఆ సాయంత్రమే యూనివర్సిటీ క్రీడల డైరెక్టర్ ఫోన్ చేశాడు.

"కమిషన్ వ్యూహమంటే నీకు ఇంకో ఐదేళ్ల కాంట్రాక్టు వెండెల్. కాళ్లంటే... కాళ్లు మనకెలాగూ ఉన్నాయి కదా, ఇంక నువ్వెందుకు చెప్పు?"

ప్రూయిట్ భార్య మార్లిస్ పక్కనుంచి అంతా వింది.

"ఇరవై రెండేళ్లలో ఏడు ఊళ్లు మారాం. నాకు నచ్చిన పళ్ల డాక్టరు ఈ ఊళ్లోనే దొరికాడు. నేను కదలను. ఏం గీస్తావో గీసుకో."

బుధవారం కమిషన్ అధ్యక్షురాలు, రిటైర్డ్ జడ్జి లోర్నా స్ట్రాండ్, మైదానంలోనే విచారణ పెట్టారు. మొదట బెంచీ మీద కూర్చునే కుర్రాళ్లకు వ్యూహమిచ్చి ఆడించారు. పక్కన నిలబడి బొమ్మల అట్టలు ఎత్తి చూపిస్తే, ఏ బొమ్మకు ఏ ఆట ఆడాలో వాళ్లకు కంఠతా వచ్చు. బంతి నాలుగు గజాలు వెనక్కి వెళ్లింది.

"ఏమైంది బాబూ?" అని అడిగారు జడ్జిగారు.

"పుస్తకంలో ఉన్నట్టే పడ్డామండీ," అన్నాడు కింద ఉన్నవాడు.

తరువాత అసలు జట్టును వ్యూహం లేకుండా దింపారు. బంతి అందించేవాడు వంగాడు, వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. ఎప్పుడు అందించాలో ఎవరూ చెప్పలేదు. కాసేపటికి పక్కవాడితో తగువేసుకున్నాడు. టెరెల్ చేతులు కట్టుకుని మబ్బులు చూశాడు. బంతి ఎక్కడిదక్కడే ఉంది.

కమిషన్ ఎంతో శ్రమించి, మర్నాడు ఒకటిన్నర పేజీల నివేదిక ఇచ్చింది. వ్యూహమూ ప్రతిభా విడివిడిగా నిరుపయోగమని రుజువైంది. కనుక జట్టును గెలిపిస్తున్నది నాయకత్వమే అయి ఉండాలి. గవర్నర్ వినయంగా ఒప్పుకున్నారు. తుది రుజువుగా శనివారం మ్యాచ్‌లో మొదటి ఆట, అంటే బంతి ఎటు పోవాలో, ఆయనే చెప్పాలని కూడా నివేదికలో ఉంది.

"అది ఫలిస్తే నాయకత్వం, నీకు కాంట్రాక్టు," అన్నాడు డైరెక్టర్ ప్రూయిట్‌తో.

"ఫలించకపోతే?"

"వ్యూహంలో లోపం."

శనివారం డెబ్బై వేలమంది ముందు గవర్నర్ హెడ్‌సెట్ తగిలించుకున్నారు. ఆయనకు బాగానే నప్పింది.

"ఎడమ వైపు," అన్నారు.

ప్రూయిట్ మైదానం ఎడమ పక్కకు చెయ్యి చూపించాడు. "అటు వాళ్లవాళ్లు నలుగురున్నారండీ."

"నలుగురేనా! పోయిన ఎన్నికల్లో నా మీద ఏడుగురు నిలబడ్డారయ్యా."

అట్టలు లేచాయి. టెరెల్ వాటివంక చూశాడు. బంతి అందుకున్నాడు. కుడి వైపు పరిగెత్తాడు. డెబ్బై గజాలు, అడ్డం వచ్చినవాడు లేడు. మైదానం దద్దరిల్లిపోయింది.

విలేకరులు గవర్నర్‌ను చుట్టుముట్టారు. "సార్, తమరు ఎటు పంపారు?"

"ముందుకి," అన్నారు గవర్నర్.

మ్యాచ్ అయ్యాక డైరెక్టర్ కారు బానెట్ మీదే కాంట్రాక్టు పరిచి సంతకాలు చేయించాడు. మార్లిస్ అక్కడే పళ్ల డాక్టరుకు ఫోన్ చేసి మార్చి నెలకు టైము తీసుకుంది.

ప్రూయిట్ వెళ్లి టెరెల్‌ను వెతికి పట్టుకున్నాడు. వాడు చిల్లీ మాంసం కూరలో తియ్యటి సినమన్ రోల్ ముంచుకుని తింటున్నాడు.

"కుడి వైపు ఎందుకు పోయావురా?"

"ఎడమే అన్నారని తెలుసు కోచ్. కానీ కుడిపక్క వాళ్ల పెద్దోడు కిందికి వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. అంత ఖాళీ పెట్టుకుని ఎడమకి పోవడం నాకే బాగోలేదు."

ప్రూయిట్ చుట్టూ చూశాడు. "ఎవరితోనైనా చెప్పావా?"

"ఎవరూ అడగలేదు కోచ్."

సోమవారం గవర్నర్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఆటను రాష్ట్రంలోని ప్రతి హైస్కూలు జట్టుకూ నేర్పించాలి, బొమ్మ గీసి వెంటనే పంపవలసింది.

ప్రూయిట్ స్కేలు తీసుకుని శ్రద్ధగా గీశాడు. పైన 'టాకెట్ ముందడుగు' అని పేరు పెట్టాడు. తనవాళ్లకు పదకొండు సున్నాలు, అవతలివాళ్లకు పదకొండు గుణకారపు గుర్తులు, బాణాలు అన్నీ వేశాడు. తరువాత బొమ్మలో కుడి చివరనున్న అవతలి జట్టువాడి చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి, పక్కన చిన్న అక్షరాలతో రాశాడు: 'ఇతను వంగి ఉండవలెను.'