గీయకముందు చేయవలసినవి

వెబ్‌సైట్లు చెడిపోవడానికి ఏకైక కారణం వాటిని తయారుచేయడమే. గిఫు నగరంలోని హొరిగోమె కాగితపు గొడుగుల కంపెనీ ఈ సత్యాన్ని మొదటి సమావేశంలోనే గ్రహించింది. డిజైనర్ మినెగిషి తొమొకో లాప్‌టాప్ తెరవబోతుంటే విభాగాధిపతి యగుర గారు మర్యాదగా వారించి, ముందు ప్రణాళిక, తరవాతే బొమ్మలు అన్నారు. ఆ మాట క్లయింట్లకు చెప్పి చెప్పి తొమొకో నోరు పడిపోయింది. అడక్కుండానే ఒప్పుకున్న క్లయింటు ఏడేళ్లలో ఈయనొక్కరే కనక ఆమె పొంగిపోయింది (పాపం).

కంపెనీలో తొమ్మిది విభాగాలు, గొడుగులు చేసే పనివాడు ఒక్కడు. పనివాడి పేరు కుమె, వయసు డెబ్బై ఒకటి. జూన్ వానల్లోపు ఇంటర్నెట్‌లో ఆర్డర్లు రాకపోతే అతని పనిశాల మూసేస్తామని యాజమాన్యం తేల్చేసింది. అప్పటికి ఫిబ్రవరి. కుమె ఆమెకు టీ పోసి, కాగితం తడవకుండా పూసిన నూనె ఇంకా ఆరుతున్న గొడుగొకటి విప్పి చూపించాడు.

"నాకు కంప్యూటరు గోల తెలీదమ్మా. వానలు పడేలోగా నలుగురి కంటా పడితే చాలు," అన్నాడు.

ప్రణాళిక మొదటి పేజీలో వెబ్‌సైట్ ఉద్దేశం రాయాలి. తొమొకో 'గొడుగులు అమ్మడం' అని రాసింది. సమావేశానికి ముందే అధిపతులందరినీ విడివిడిగా కలిసి ఒప్పించాలన్నది నియమం. (సమావేశంలో ఎవరైనా అభిప్రాయం చెప్పడం అక్కడ అగ్నిప్రమాదం కింద లెక్క.) మిఠాయి పెట్టెలు పట్టుకుని ఆమె తొమ్మిది గదులూ తిరిగింది. 'అమ్మడం' మోటుగా ఉందని మూడో గదిలో అన్నారు. తొమ్మిదో గది దాటేసరికి ఆ వాక్యం 'గొడుగు మాధ్యమంగా సమాజంతో బాంధవ్యాన్ని పెంపొందించుకోవడం' అయింది.

ఇక సంతకాలకు బదులు ప్రణాళిక మీద వేసే ముద్రలు. కింది అధికారి ముద్ర పై అధికారి ముద్ర వైపు కాస్త ఒరిగి, వంగి దణ్ణం పెడుతున్నట్టుండాలి. రవాణా విభాగం వారిది నిటారుగా పడింది. అది పొరపాటో తిరుగుబాటో తేల్చడానికి రెండు వారాలు పట్టింది. పొరపాటేనని తేలాక కొత్త కాగితం మీద ముద్రలన్నీ మళ్లీ మొదలయ్యాయి.

ఏప్రిల్‌లో, తోటి కంపెనీలు ఏం చేశాయో కనుక్కోమన్నారు యగుర గారు. ఎవరూ చేయని పని మొదట తాము చేయడం బాగుండదట. పక్క జిల్లా గొడుగుల కంపెనీకి తొమొకో ఉత్తరం రాసింది. హొరిగోమె వారు ఏం చేస్తారో చూసి మొదలుపెడదామని తాము మూడేళ్లుగా ఎదురుచూస్తున్నామని ఎంతో వినయంగా జవాబొచ్చింది. అంటే మనకేమీ ఆలస్యం కాలేదన్నమాట అని యగుర గారు ఊపిరి పీల్చుకున్నారు.

మే నెలాఖరుకి తొమొకో ఓపిక చచ్చింది. కుమె పక్కనే కూర్చుని కాగితం మీద ఒకే ఒక్క పేజీ గీసింది. గొడుగు ఫొటో, కొలతలు, కింద 'కొనండి' అన్న మీట. తీసుకెళ్లి యగుర గారి ముందు పెట్టింది. ఆయన చాలాసేపు చూశారు.

"చాలా బాగుందండీ. కానీ ఇది బొమ్మ కదా?"

"అవునండీ. రెండు రోజుల్లో పెట్టేయొచ్చు."

"బొమ్మ మొదలుపెట్టే తేదీ మనం ఇంకా నిర్ణయించుకోలేదు కదండీ."

ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. చెడ్డవాడు కాదు. ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకుని, అనుబంధం కింద ప్రణాళికలో కలిపారు.

జూన్ ఎనిమిదిన వానలు మొదలయ్యాయి. నెలాఖరున పనిశాల మూతపడింది. కుమె తన వెదురు చీల్చే కత్తులు గుడ్డలో చుట్టుకుని, తొమొకోకి శ్రమ పెట్టానని క్షమాపణ చెప్పి ఇంటికి వెళ్లిపోయాడు. ఆమె సిగ్గుతో తలెత్తలేకపోయింది.

ఆగస్టు సమావేశంలో నూట నలభై మూడు పేజీల ప్రణాళిక ఆమోదం పొందింది. తొమ్మిది విభాగాలూ హాజరయ్యాయి, ఎవరూ ఏమీ అనలేదు. ఒక్క సవరణ మాత్రం మిగిలింది. 'మా గొడుగులు' అన్న పేజీని యగుర గారు స్కేలు పెట్టి తిన్నగా కొట్టేశారు.

"చూశారా మినెగిషి గారూ," అన్నారాయన మెల్లగా, "తొందరపడి ఉంటే ఈ పేజీ పనంతా దండగైపోయేది."